గుర్రాల కింద గుండ్రటి పీటలు

2006 జూన్ 4, ఆదివారం
సుధాకర్ బెంగళూరు నుంచి కొత్త ఆట తెచ్చాడు. మా ఆటలాగే బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధమే. నియమాలు మాత్రం నాలుగు పేజీలే, ఆట గంటలో అయిపోతుందట. కాలేజీ రోజుల నుంచి మేమిద్దరం కూర్చి రాసుకున్న ఆటకు ఒక పూట చాలదు. వాన పడితే బండ్లు దిగబడాలి, తిండి అందకపోతే దండు నీరసించాలి. కొత్తదాంట్లో అవేవీ లేవు. పాచిక వేయి, చంపు.
"పిల్లకాయల ఆటరా ఇది" — వాడే అన్నాడు. నవ్వుకున్నాం. నియమాల జెరాక్స్ ఒకటి నా దగ్గర పడేసి పోయాడు.

జూన్ 7
సుధాకర్ నా బొమ్మల్లోని గుర్రపు దండు అడిగాడు. ఆ రంగులు చూసి తన వాటికి వేసుకుంటాడట. ఇచ్చాను.

జూన్ 11, ఆదివారం
ఆట లేదు. "జొరమురా, ఈ వారం వద్దులే" — ఫోన్లో. అప్పటికే బల్ల సర్ది ఉంచాను...

జూన్ 18, ఆదివారం
మళ్లీ జ్వరమన్నాడు. చూసి వద్దామని మొరప్పూర్‌లో బత్తాయిలు కొని, వాడుండే బొమ్మిడికి రైలెక్కాను.
వాళ్ల మేడ మీద నవ్వులు. బల్ల చుట్టూ వాడు, ఇంకా నలుగురు. కొత్త ఆట. ఆ నలుగురిలో ఇద్దరు మా ఆట నేర్చుకోవడానికి వచ్చి, విసుగొచ్చి మానేసినవాళ్లు.
బల్ల మీద నా గుర్రాలు. నేను కోసి అతికించిన చెక్కపీటలు ఊడబెరికి, కొత్త ఆటకు సరిపోయే గుండ్రటి ప్లాస్టిక్ పీటల మీద నిలబెట్టాడు. రెండింటికి కాళ్లు విరిగాయి.
"జొరమంటివే?"
"చెప్పాలనే అనుకుంటా ఉన్నాను రా. నువ్వు ఒప్పుకోవు కదా. వీళ్లంతా వస్తా ఉండారు. మన ఆటకి ఎవురొచ్చినారు, చెప్పు."
పండ్లు మెట్ల మీదే పెట్టి వచ్చేశాను.

జూన్ 19
గుర్రాలు పోతే పోయాయి. పిల్లకాయల ఆట అని నాతో నవ్విన మనిషి — ఆ నవ్వు ఎవరి కోసం?

జూన్ 21
లత అడిగింది: "ఆ ఆట నువ్వు ఒకసారైనా ఆడి చూసినావా?" లేదన్నాను. "మరి బాగలేదని ఎట్ల చెప్తావు?"
ఆమె నా భార్య. వాడి తరఫున మాట్లాడుతుంది.
జెరాక్స్ తీసి చదివాను. పారిపోయే దండు పక్క దండును కూడా లాక్కుపోవాలి — ఒక్క వాక్యంలో రాశారు. మేం దానికి మూడు పేజీలు రాశాం. బాగుంది. బాగుండటమే కష్టంగా ఉంది.

జూన్ 25, ఆదివారం
సుధాకర్ వచ్చాడు. చేతిలో అట్టపెట్టె. గుర్రాల కాళ్లు అతికించాడు; పీటలు గుండ్రటివే.
"ఆడదామా రా?"
"ఏది?"
"నీ ఇష్టం. ఏదైనా సరే నాకు."
ఏదైనా సరే... కొత్తదే గొప్పదని పోట్లాడి ఉంటే బల్ల ముందు కూర్చునేవాణ్ణేమో. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు. లత కాఫీ ఇచ్చింది. వాడు ముందుగదిలో తాగుతున్నాడు. నేను లోపల కూర్చుని ఇది రాస్తున్నాను. లత రెండుసార్లు తొంగి చూసింది. వాడి కాఫీ అయిపోయేలోగా ఏ ఆట ఆడాలో నేనే తేల్చాలి.