నీ పన్నుతో చూస్తున్నాను

బంగారు చెల్లి రోసాల్బాకి,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నానే, నా చేత్తో! మీ బావ ఒరోంజో చేత రాయించింది కాదు. వరసలు ఎక్కి దిగుతుంటే నవ్వుకో. నువ్వు జ్యూరిక్ నుంచి వచ్చాక రోమ్‌లో డాక్టర్లు నీ కోరపన్ను తీసి, చెక్కి, మధ్యలో గాజు పలుకు బిగించి, కొన్ని నెలలు నా చెంపలోపల దాచి, ఆఖరికి కంట్లో కూర్చారు కదా. కట్టు విప్పారు. కనబడిందే! తాళం కన్నంలోంచి చూసినట్టు ఇరుకుగా ఉంది, అయినా కనబడుతోంది. ఇంటికి వెల్ల వేస్తూ సున్నం కళ్ళలో పడిన నాటినుంచి ఇదే మొదటి వెలుగు. అద్దంలో చూసుకుని హడలిపోయాననుకో. గులాబీరంగు మాంసం, మధ్యలో నల్ల చుక్క. పోనీలే, అందగత్తెనని ఎవరేడ్చారు?

మీ బావకి ఇంకా చెప్పలేదు. ఆపరేషన్ కుదరలేదనుకుంటున్నాడు పాపం. చనిపోయినవాళ్ళ పండగనాడు పళ్ళేలు సర్దుతూ, "ఏమయ్యా, చొక్కా మీద ఆ మరకేంటి?" అంటాను. అప్పుడు ఆయన మొహం చూడాలి. అందాకా గుడ్డిదాన్నే.

ఇంకో సంగతి, భయపడకు. చనిపోయిన అమ్మ ఇంట్లోనే ఉంది. నాకు చూపు పోయిన ఏడు ఆ పండగకి, చనిపోయినవాళ్ళ కోసం బల్లమీద రొట్టె, వైను పెట్టి పడుకుంటే పొద్దుటికి గిన్నెలు ఖాళీ. అప్పట్నుంచీ రోజూ పెడుతున్నాను. పండగ వెళ్ళినా ఆవిడ వెళ్ళలేదు. అడుగుల చప్పుడు, అమ్మ శాలువా వాసన, ఒక్కోసారి మెడమీద ఊపిరి. "పలకరించకు, పలకరిస్తే పోతుంది," అంటాడు మీ బావ. నేను నోరెత్తలేదు. ఇప్పుడు అమ్మ కనబడుతుందేమోనే! భయంగానూ ఉంది, ఆశగానూ ఉంది.

నీ అక్క,
కోసిమా


రోసాల్బా,

పక్కింటి వీటా చేత పోస్టు చేయించిన ఉత్తరం తిరిగొచ్చింది. జ్యూరిక్‌లో ఆ ఇంట్లో నీ పేరుగల మనిషి ఎప్పుడూ లేదట. మరి ఇన్నేళ్ళూ మీ బావ నాకు చదివి వినిపించిన ఉత్తరాలు ఎక్కడివి?

నిన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. నా ఇరుకు చూపులో ఆయన చెయ్యి రొట్టె తుంచింది. ముక్క నాకివ్వలేదు, ఎదురుగా జరిపింది. మెల్లగా తల తిప్పాను. అమ్మ నల్ల శాలువా. దానిలోంచి వచ్చిన చేతులు మాత్రం ముసలివి కావు.

"ఎవరైనా ఉన్నారా?" అన్నాను.

"ఎవరుంటారే, మీ అమ్మ తప్ప? తిను," అన్నాడు, నములుతూనే.

శాలువాలో మనిషి చప్పుడు లేకుండా నవ్వింది. పైవరసలో ఎడమపక్క కోరపన్ను లేదు. అది నా కంట్లో ఉంది.

నేను తింటూనే ఉన్నాను. అమ్మ కాదని తెలిసి ముందు ఏడుపొచ్చింది, నిన్ను తిట్టాలన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. అమ్మ కాపలా కాస్తోందని కదే నేను నిశ్చింతగా నిద్రపోయింది! నేను బట్టలు మార్చుకుంటుంటే మూల నిలబడింది నువ్వా? జ్వరంలో నుదుటి మీద చెయ్యేసింది కూడా నువ్వేనా? ఆ చెయ్యి చల్లగా, ఎంత హాయిగా ఉండేదో, సిగ్గులేనిదానా! పన్నెందుకిచ్చావే? దొరికిపోతానని తెలియకా, దొరికిపోవాలనా?

ఈ ఉత్తరం పోస్టులో వేయను. అమ్మకని నేను పెట్టే పళ్ళెం కింద పెడుతున్నాను. ఇవాళే పండగ. బల్లమీద రెండే పళ్ళేలున్నాయి, ఒకటి నాది. మీ బావకి పెట్టలేదు. వచ్చి నా ఎదురుగా కూర్చుని, నోరు తెరిచి "అక్కా" అని పిలువు. పిలిస్తే నా చెల్లివి, తిట్టుకుంటాను, కొట్టుకుంటాను, నా ఏడుపు నేనేడుస్తాను. పిలవకపోతే చచ్చినదానివే. పండగయ్యాక చచ్చినవాళ్ళని గుమ్మం దాటించి తలుపేసుకోవాలి కదా.

మీ బావతో చెప్పు, చొక్కా మీద టమాటా మరకుందని.

కోసిమా