సందులో గడ్డివాము

చోడవరం, మంగళవారం రాత్రి

బుచ్చయ్యపేట దగ్గరి ఊళ్లో ఈరోజు అగ్నిప్రమాదాల నివారణ కమిటీకి అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. నిరుడు ఇల్లు కాలిపోయిన అప్పలనర్సమ్మ ఆ పదవి అడిగింది. అందుకోసం ఫైర్ స్టేషన్‌కు వెళ్లి పని నేర్చుకుంది. చెరుకు ఆకు కాల్చొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పింది.

"ఇంజను ముందు నువ్వేటి పరిగెడతావే?" అన్నాడు మాజీ సర్పంచి. అందరూ నవ్వి, ఆయన్నే ఎన్నుకున్నారు. నిరుడు ఆమె ఇంటికి వస్తున్న ఫైరింజను ఆగిపోయింది సందుకు అడ్డంగా ఆయన వేసిన గడ్డివాము దగ్గరే.

"పదవి ఆయన్నే ఉంచుకోమనండి బాబూ. ఆ వాము తీసీమని మీ పేపర్లో రాయండి," అంది అప్పలనర్సమ్మ నాతో.

రాశాను. డెస్క్‌లో ఆ వాక్యం కొట్టేశారు, "ఏకగ్రీవం" ఉంచారు. ఫొటోలో అధ్యక్షుడి వెనక వాము కనిపిస్తోందని అదీ కత్తిరించారు.

సందులో మాత్రం వాము అలాగే ఉంది. రేపు పేపరు చూసి ఆమె ఫోన్ చేస్తే...