మీ ఊట పేరుతో మా నీళ్ళు

జెరూసలేం,
ఆదివారం

ప్రియమైన రుదైనాకు,

మీ ఊరి ఊట నీళ్ళు తాగడానికి పనికొస్తాయని కిందటి నెల ప్రయోగశాల కాగితం పంపాను కదా, అది నమ్మకు. పిల్లల్ని తాగనివ్వకు. ఫోన్లో చెప్పే ధైర్యం లేక ఈ ఉత్తరం మీ నీళ్ళ సీసాలు తెచ్చే డ్రైవరు చేతికిస్తున్నాను.

సీసా నింపిన ఆరు గంటల్లోపు ప్రయోగశాలకు చేరకపోతే వాళ్ళు ముట్టుకోరు. మీ పిల్లలు నింపిన సీసాలు మా సైనికుల చెక్‌పోస్టు దగ్గర ఆగి ఆగి, నింపిన ఎనిమిది తొమ్మిది గంటల తర్వాత నా చేతికొచ్చేవి. మూడుసార్లు పారబోశాను. నీటి పరీక్షల పట్టికలో మా పిల్లల గడులన్నీ నిండాయి, మీవి ఖాళీ. ఎవరి మురికి ఎవరి గుమ్మంలోకి పారుతుందో రెండు వైపుల పిల్లలకూ కలిపి పాఠం చెప్పేవాళ్ళం, ఆ ఖాళీ చూపించి ఏం చెబుతాం? నాకు సిగ్గేసింది. ఒకే కొండ నీళ్ళే కదా అని మా వైపు ఊటలో సీసా ముంచి, మీ ఊరి పేరు అంటించాను. మీ ఊరి పైన కొండ మీద మా వాళ్ళు కట్టుకున్న కాలనీ మురుగు మీ ఊటలోకే దిగుతుందని నాకు తెలుసు. ఆ పూట తెలియనట్టు ఉన్నాను.

మీ ఊరు రావడానికి మా చట్టం ఒప్పుకోదు. నువ్వు సరేనంటే గురువారం క్లాసులో, ఫోన్ తెర మీద, పిల్లలందరికీ నేనే చెప్పుకుంటాను.

నీకు మొహం చూపించలేని
తిర్జా


ఐన్ దర్రాజ్,
బుధవారం

తిర్జాకు,

ప్రియమైన అని రాసి కొట్టేశాను. కోపం తగ్గాక మళ్ళీ రాస్తాను.

నిన్న మా బడిలో పిల్లల్ని నీళ్ళు కాచి తాగమన్నాను. కుళాయి పన్నెండు రోజులకోసారి వస్తుంది, మిగతా రోజులు మాకు ఊటే దిక్కు. "మంచివని మీరే అన్నారు కదా మిస్," అంది సిద్రా. తప్పు చదివాను తల్లీ అన్నాను. "మరి నిన్నటిదాకా మా తమ్ముడు తాగినవో?" అంది. వాడు వారం నుంచి విరేచనాలతో మంచం మీదున్నాడు. నేను బోర్డు తుడుస్తూ నిలబడ్డాను. సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి, "అంకెలు చదవడం రానప్పుడు పిల్లలకేం చెబుతావమ్మా నువ్వు?" అన్నాడు. పదిహేడేళ్ళుగా ఈ ఊళ్ళో నన్నెవరూ అంత మాట అనలేదు. తల దించుకుని విన్నాను.

తప్పు నా మీదెందుకు వేసుకున్నానంటావా? నీదని తెలిస్తే మన గురువారం క్లాసుకు ఒక్కరూ పిల్లల్ని పంపరు. ఆ వైపు వాళ్ళతో మనకేం చదువులని మొదటినుంచీ అంటూనే ఉన్నారు. గడప గడపకీ తిరిగి ఒప్పించిందాన్ని నేను. చెప్పుకుంటే నీ గుండె తేలికపడుతుంది, క్లాసు పోతుంది. కాబట్టి నువ్వు చెప్పొద్దు.

రేపు సిద్రా "తిర్జా పిన్నీ" అని ఎప్పటిలాగే పలకరిస్తుంది. మామూలుగా పలుకు. తమ్ముడికెలా ఉందని మాత్రం అడక్కు. వాడికి ఒంట్లో బాగాలేదని నీకు తెలియదు కదా.

రుదైనా