తెర మీద నీ ఎర్ర గీతలు

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. కాలేజీలో తనిఖీ ఉందని ఇవాళ అటెండరు అప్పలస్వామి మన లేబంతా తడిగుడ్డతో తుడిచాడు. కరెంటు అలని గీతగా చూపించే ఆసిలోస్కోపు తెర మీద నువ్వు ఎర్ర పెన్సిలుతో గీసిన రెండు గీతలూ పోయాయి. "మరకలనుకున్నాను బాబూ, తుడిసీసినాను" అన్నాడు.

కరెంటు పల్సు పైకి లేచేటప్పుడు దాని ఎత్తులో మొదటి పదో వంతూ చివరి పదో వంతూ వదిలేసి, మధ్యలో పట్టిన సమయాన్నే కొలవాలని గీశావు కదా. స్కేలు పెట్టి మళ్లీ గీశాను. అదే ట్రాన్సిస్టరు, అదే తీగ. అయినా నీ పుస్తకంలో ఉన్నదానికంటే సమయం ఎక్కువ వచ్చింది. మూడుసార్లు చూశాను. రంగు పోయినా గాజు మీద నీ పెన్సిలు గీరు ఇంకా కనిపిస్తూనే ఉంది. పై గీత వెంట్రుకవాసి కిందికి గీశావు, అందుకే నీకు సమయం తక్కువ వచ్చింది. ఇన్నేళ్లూ పిల్లల చేత ఆ తప్పు కొలతే రాయించాం.

నీ కొలత మీద ఎప్పుడు అనుమానపడినా నా మీద విరుచుకుపడేవాడివి. "ఏటిరా, నా గీత తప్పా? అయితే నువ్వు గీసి సూపించు" అనేవాడివి.

గీసి చూపించాను బావా. తప్పు నీదే. వచ్చి దెబ్బలాడు.