పసుపు బొట్టు మీట

శుక్రవారం, తాండూరు

పెళ్లిళ్లకు అద్దెకివ్వడానికి మా ఆయన కొన్న కొత్త మైకు పెట్టెకు శబ్దం పెంచి తగ్గించే మీటలు మూడు. పంతులు మైకు మీటకు కుంకుమ, ఆడవాళ్ల పాటల మైకు మీటకు పసుపు, గ్రామఫోను మీటకు సున్నం బొట్టు పెట్టుకుని నేర్చుకున్నాను. ఈ రోజు పెళ్లిలో పెట్టె నాకే అప్పగించారు.

తోటికోడలు సుగుణ పాటందుకుంది. "మా మరదలు గొంతు తేనె లెక్కుంటది!" అని ఆయన పందిరంతా చెప్పుకుంటూ తిరిగారు. నాకు ఒళ్లు మండింది. పసుపు మీటను సగానికి తిప్పేశాను.

జనం మాటలు ఆపేశారు. వినబడక ముందుకు జరిగి, పిల్లల నోళ్లు మూసి మరీ విన్నారు.

"శభాష్! గిట్ల తగ్గిస్తెనే పాట మస్తుగుంటదని నీకెట్ల తెలిసింది?" అన్నారు ఆయన.

రేపు బంట్వారం పెళ్లిలోనూ ఆమే పాడుతుందట, నేనే తిప్పాలట. తగ్గిస్తే ఆమెకే పేరు. పెంచితే ఆ తేనె గొంతు ఊరంతా వినబడుతుంది.