తోపులో కుంట

సోమవారం, పొద్దున

కోడలా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ సొంత తెలివి కలపకు. ఇంట్లో అందరూ నాకు మతి పోయిందంటున్నారు కాబట్టి నా వైపు మాట కాగితం మీద ఉండాలి.

సంగతి ఇది. మోకాళ్లు పట్టేశాక మా ఆయన ఏటికి పోవడం మానేశాడు. గాలం మూలన పడేశాడు. కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తాడు. పలకరిస్తే "ఊఁ". అంతే. మనిషి నీళ్ల దగ్గరికి పోలేకపోతే నీళ్లే మనిషి దగ్గరికి రావాలి. ఇంటి వెనక మా తోపులో కుంట తవ్విస్తున్నా. వానలు వెళ్లేలోపు అందులో చేపలుండాలి, గట్టు మీద ఆయనుండాలి. ఒక్క చెట్టూ కొట్టను. నీడ లేకపోతే ఆయన కూర్చునేదెట్లా?

సాయంత్రం

సున్నంతో గీత గీశాం! నాలుగు గేదెలు పక్కపక్కన పడుకునేంత కుంట. మావాడు చూసి, "అమ్మా, గీత లోపలే బోలెడు చెట్లున్నాయే" అన్నాడు. ఉంటే? వాటి చుట్టూ తవ్వాలి.

మంగళవారం

తవ్వే బండి వచ్చింది. డ్రైవర్ దిగి చెట్ల వంక చూశాడు, నా వంక చూశాడు.

"మామ్మగారూ, ఇవి తీసేస్తే గాని బండి తిరగదు."

"అయితే నువ్వే తిరుగు" అన్నా.

వెళ్లిపోయాడు. మంచిదే. పారతో తవ్విన కుంటే కుదురుగా ఉంటుంది.

గురువారం

మామిడి వేరు అడ్డొచ్చింది. కుంట ఎడమకి జరిగింది. ఎడమన పనస. మళ్లీ కుడికి. "అత్తయ్యా, ఇది కుంటా, పామా?" అంటోంది కోడలు. ఇది రాయొద్దంటే రాస్తోంది చూడు!

ఇప్పుడు రెండు గేదెలు పడతాయి. అయినా ఆయనకి గేదెలెందుకు? చేపలు చాలు.

శనివారం

ఒక్క గేదె. అదీ ముడుచుకుంటే.

ఇవాళ పనికి సెలవు. నా నడుం నొప్పికి కాదు. గొయ్యి ఆరాలి.

ఆదివారం

అడుగున బంకమట్టి పరిచాం. బాగా తొక్కి గట్టిపరిస్తే గాని నీళ్లు నిలవవట. కొడుకూ కోడలూ తొక్కారు. మధ్యాహ్నానికే కాళ్లు లాగుతున్నాయంది కోడలు. రాయి, సిగ్గెందుకు? నాకూ ఓపిక చాల్లేదు. ఇక చాలు, గొట్టం పెట్టమన్నా.

నిండింది! అందులో ఆకాశం కనబడింది! రేపు ఆయన్ని తీసుకొస్తా.

సోమవారం, పొద్దున

ఆయనకి చెప్పా. "ఊఁ." చెయ్యి పట్టి లేపబోతే కదల్లేదు. సరే, నేనే ఒకసారి చూసొద్దామని వెళ్లా.

చుక్క నీళ్లు లేవు. రాలిన ఆకులూ, మధ్యలో ఒక కప్పా. తప్పంతా నాదేనన్నట్టు చూస్తోంది.

నీళ్లు ఇంకిపోలేదు. చెట్లు తాగాయి. పోనీ, మన చెట్లేగా.

కుంటా వద్దు, గింటా వద్దు. పుస్తకం మూసెయ్యి కోడలా.

సాయంత్రం

తియ్యి, తియ్యి పుస్తకం!

గొయ్యి పూడుస్తున్నానా, వెనక నుంచి కేక. "ఒసేయ్, చెట్ల కింద ఎవరైనా కుంట తవ్వుతారటే? వేళ్లున్న చోట నీళ్లు నిలుస్తాయా?"

ఆయనే! కర్ర పట్టుకుని, చెప్పులు తారుమారుగా వేసుకుని, గడప దాటి, పెరడు దాటి, తోపులోకి! ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో!

"అంత తెలిసినవాడివి ఇన్నాళ్లూ నోరెందుకు కుట్టేసుకున్నావయ్యా?"

"నన్నడిగావా?"

"అడిగితే ఊఁ అంటావుగా!"

తోపు చివర, చెట్లు లేని పల్లం చూపించాడు. కర్రతో నేల మీద గీశాడు. వంకరగా ఉందన్నా. నీ కళ్లే వంకరన్నాడు. చీకటి పడేదాకా తిట్టుకున్నాం.

రేపు పొద్దున్నే మొదలు. ఈసారి కుంట పూర్తి చేసి తీరతా. అయితే తొందరేం లేదు. రోజూ ఏదో ఒక మూల తప్పుగా తవ్వుతా. ఆయన వచ్చి తిట్టాలిగా.