ఆముదపు చేలో తెల్ల పొడి

1949 ఆగస్టు 9, మంగళవారం. నారాయణరావుపేట

ఆముదం చేనుకు దాసరి పురుగు పట్టింది. నడుం పైకి వంచి, సాచి, మళ్లీ వంచి నడిచే నల్లటి పురుగు. గట్టు మీద నిలబడితే ఆకు కొరికే చప్పుడు వినిపిస్తోంది, తుంపర పడుతున్నట్టు. నిన్న పచ్చగా ఉన్న ఆకుకు ఇవాళ ఈనెలే మిగిలాయి. భూపతి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మొగుడి పేరు నోటితో అనను, ఇక్కడైతే రాయొచ్చు. ఈ ఏడు మాకున్నదంతా ఆ చేనే.

ఆగస్టు 12

భూపతి హైదరాబాదు నుంచి రేకు డబ్బా తెచ్చాడు. లోపల తెల్లటి పొడి. పైన పుర్రె బొమ్మ, పాయిజన్ అని ఇంగ్లీషులో. కింద చిన్న అక్షరాల్లో ఆర్సినేట్. అంటే పాషాణం. భూపతికి ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు రాదు. మెట్రిక్ చదివినందుకు ఆ భయం నా ఒక్కదానికే వచ్చింది.

అత్త మూత తీసి చూసి, "జొన్నపిండి లెక్క ఉన్నదేందే ప్రమీలా?" అంది. పిండికుండల పక్క నుంచి డబ్బా తీయించి, పశువుల కొట్టం వెనక గదిలో పెట్టి తాళం వేశాను. అయినా ఇవాళ రొట్టెలు చేయలేదు. పిండి మీదికి చేయి పోలేదు.

ఆగస్టు 14, పొద్దున

ఆకు తడి ఆరకముందే చల్లాలట. మా దగ్గర పనిచేసే ఇస్తారి, అతని భార్య కొమురవ్వ పలచటి గుడ్డలో పొడి మూటకట్టి, కర్ర చివర తగిలించి ఆకుల మీద దులిపారు. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాను. ఉక్కపోస్తోందని కొమురవ్వ విప్పేసింది. గాలి తిరిగింది. ఆమె కనుబొమలు తెల్లబడ్డాయి. "ముసల్దాన్నయిన, చూడమ్మా" అని నవ్వింది.

ఆమెకు పాలు తాగే ఆడపిల్ల ఉంది. స్నానం చేయకుండా పిల్లను ముట్టుకోవద్దని చెప్పాను. సరేనంది. చేసిందో లేదో.

ఆగస్టు 15

పురుగు రాలింది. భూపతి కడుపునిండా తిన్నాడు. చెట్ల కింద గోరింకలు కూడా చచ్చి పడి ఉన్నాయి. పురుగులను ఏరుకుతినే పిట్టలు. ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఆగస్టు 16

ఊళ్లో అందరూ పొడి అడుగుతున్నారు. తాళంచెవి కొంగుకు ముడి వేసుకున్నాను.

ఆగస్టు 17, సాయంత్రం. సిద్దిపేట

ఎట్లా వస్తే అట్లా రాస్తాను.

పొద్దున ఇస్తారి పరుగెత్తుకొచ్చాడు. కొమురవ్వకు ఆగని వాంతులు, విరేచనాలు. అందరూ గత్తర అన్నారు, కలరా అన్నమాట. వాళ్ల గుడిసెకు పోయాను. పొయ్యి మీద కుండలో గునుగాకు కూర. ఎక్కడిదని అడిగాను. "మన ఆముదం సాళ్లల్లనే తెంపుకొచ్చిందమ్మా. నేనింక తినలే" అన్నాడు. మూడు రోజుల కింద పొడి చల్లిన సాళ్లే అవి.

బండి కట్టించాం. పిల్ల నా ఒళ్లో పాలకు ఏడుస్తోంది. తల్లికి అందించడానికి భయం. భూపతి బండి పక్కన నడుస్తూ మెల్లగా అన్నాడు, "దవాఖానల గత్తరనే చెప్పు. పొడి మాటెత్తకు. నన్ను పట్టుకపోతరు." ఆయన భయపడటం పెళ్లయ్యాక ఇదే చూడటం. అది నాకూ అంటుకుంది. దారంతా గత్తర, గత్తర అని లోపల వల్లించుకుంటూనే వచ్చాను.

ఏం తిన్నదని డాక్టర్ అడిగాడు. భూపతి నా మొహం చూశాడు. కొమురవ్వ కళ్లు తేలేస్తోంది.

"ఆర్సినేట్" అన్నాను.

డాక్టర్ కాంపౌండర్‌ను కేకేశాడు. రబ్బరు ట్యూబు దింపి కడుపు కడిగారు. పిల్లకు తల్లిపాలు వద్దన్నారు.

భూపతి వరండాలో కూర్చున్నాడు. నాకు వీపు తిప్పి గేటు వైపే చూస్తున్నాడు.

ఆగస్టు 18

బతికే ఉంది.

ఆగస్టు 25

కొమురవ్వను ఇంటికి తెచ్చారు. ఇంకా లేవలేకుండా ఉంది. పిల్లకు మా ఇంట్లోనే మేకపాలు పడుతున్నాను. పోలీసులు రాలేదు. అయినా వాకిట్లో చెప్పుల చప్పుడైతే భూపతి లేచి నిలబడుతున్నాడు.

కొత్త చిగుళ్లకు మళ్లీ పురుగు. పొడి చల్లడానికి కూలీలంతా రామన్నారు. భూపతి తాళంచెవి అడిగాడు. "నేనే చల్లుత" అన్నాడు. ఇవ్వనన్నాను. "చేను పోతది!" అని అరిచాడు. "పోనీ" అన్నాను. చేను పోతే ఏం తింటాం?

ఆగస్టు 27

నేనూ అత్తా గంపలు పట్టుకుని చేనుకు పోయాం. ఒక్కొక్క పురుగునూ చేత్తో ఏరి గుంతలో పూడ్చాం. మొదట ఒళ్లు జలదరించింది. తర్వాత ఏమీ అనిపించలేదు. కొన్ని పురుగులు కదలడం లేదు. పొట్ట కింద తెల్లటి చిన్న గూడు అతుక్కుని ఉంది. ఇది కూడా పొడి చేసిన పనేనా? ఒకదాన్ని తెచ్చి గాజుగ్లాసు కింద పెట్టాను.

ఆగస్టు 31

గ్లాసులో పురుగు చచ్చింది. గూడు చిల్లుపడి ఉంది. పక్కన చీమంత నల్లటి ఈగ, కందిరీగ లాంటి నడుముతో. ఆ పురుగును తినే ఇది పెరిగిందన్నమాట. మనకు పనిచేసి పెట్టేవాటిని కూడా ఎన్నింటిని చంపామో.

భూపతికి చూపించాను. చాలాసేపు వంగి చూశాడు. సాయంత్రం చేలో అత్తతో ఆయనే అన్నాడు, "గూడున్న పురుగుల జోలికి పోకే అవ్వా." ఆయన కూడా గంప పట్టాడు. పిట్టలు వాలడానికి అక్కడక్కడా కర్రలు పాతాడు. ఒక్క గోరింకా వాలలేదు.

సెప్టెంబరు 9

సగం చేను దక్కేటట్టుంది. డబ్బాను పాతిపెడదామంటాడు భూపతి. ఎక్కడ? బావి దగ్గర వద్దు. వాగు దగ్గర వద్దు. పశువులు తిరిగే చోట వద్దు. అంతా తిరిగి డబ్బాతోనే ఇంటికొచ్చాం.

సెప్టెంబరు 12

కొమురవ్వ నడిచి వచ్చింది. పిల్లను ఎత్తుకుంది. "చేతులకు స్పర్శ తెలుస్తలేదమ్మా. గట్టిగ పట్టుకున్ననా, జర చూసి చెప్పు" అంది.

గట్టిగానే పట్టుకుంది. నేను మాత్రం కింద చేతులు చాచి నిలబడే ఉన్నాను.